సాంస్కృతిక సామర్థ్యం: తెలుగునాట సమాజ సేవా వృత్తుల చరిత్ర

తమది కాని భాష, కులం, మతం, తెగ, బతుకుతీరు ఉన్నవారికి తగిన సేవ అందించగల శక్తిని సమాజ సేవా వృత్తుల్లో సాంస్కృతిక సామర్థ్యం అంటారు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉద్యోగి, ఆసుపత్రి కౌన్సిలరు, బాలల సంరక్షణ అధికారి అందరికీ ఇది అవసరమే. ఈ భావనకు వృత్తి పరిభాషలో స్థిరమైన రూపం ఇచ్చింది 1989లో అమెరికాలో వెలువడిన ఒక నివేదిక. దాన్ని సెనెకా తెగకు చెందిన టెర్రీ క్రాస్ మరో ముగ్గురితో కలిసి రాశారు. అంతకుముందు దశాబ్దాల్లో అక్కడి ఆదివాసీ కుటుంబాల పిల్లలను సంక్షేమ ఉద్యోగులు పెద్ద ఎత్తున తీసుకుపోయి బయటి కుటుంబాలకు అప్పగించారు. దాన్ని అరికట్టడానికే 1978లో ప్రత్యేక చట్టం తెచ్చారు. ఆ అనుభవం తెలిసినవారు కనుకనే క్రాస్ బృందం సామర్థ్యాన్ని ఉద్యోగి మనసుకు మాత్రమే అంటగట్టలేదు, సంస్థ విధానాలకూ వర్తింపజేసింది. అక్కడి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘం 2001లో ప్రమాణాలు ప్రకటించాక శిక్షణ తరగతులు ఊపందుకున్నాయి. వాటితోపాటు సంస్థ సంగతి వెనక్కిపోయి, ఫలానా వారి ఆచారాలు ఇవీ అని నేర్పే పాఠమే సామర్థ్యంగా చలామణీ అయింది. తెలుగు ప్రాంతాల చరిత్ర చూస్తే ఆ పాఠం ఎంత బలహీనమో తెలుస్తుంది. ఇక్కడ సేవ నిలబడిన చోటల్లా ఉద్యోగి పరిజ్ఞానం కంటే సంస్థ నియమాలు, నియామకాలు, సేవ పొందేవారి హక్కులే పనిచేశాయి.

పరిజ్ఞానం దానంతటదే మేలు చేయదనడానికి స్టువర్టుపురం కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో స్థిరపరిచి, వారిని సంస్కరించే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ మిషనరీ సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ నాయకుడు ఫ్రెడరిక్ బూత్-టకర్ నేరాన్ని నయం చేసే శాస్త్రమొకటి ఉందని ఏకంగా పుస్తకమే రాశాడు. ఎరుకలవారి గురించి ఆ రోజుల్లో అధికారులు, మిషనరీలు పోగుచేసిన సమాచారం తక్కువేమీ కాదు. వారి గోత్రాలు, పెళ్ళి తంతులు, శకునాలు, రహస్య భాష అన్నీ రికార్డుల్లోకి ఎక్కాయి. ఎక్కనిది ఒక్కటే: వారు ఎందుకు పేదలయ్యారన్నది. ఎరుకలవారు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వర్తకులని, ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్ళు కలిసి ఆ వ్యాపారాన్ని తుడిచిపెట్టాయని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన పుస్తకంలో చూపించారు. బతుకుతెరువు పోయిన జనాన్ని నేరం వారి సంస్కృతిలోనే ఉందని ముద్రవేసి, చీరాలలోని పొగాకు ఫ్యాక్టరీకి చౌక కూలీలుగా మలిచారు. 1952లో చట్టం రద్దయినా ముద్ర పోలేదు. 1970లలో సంఘ సంస్కర్తలు హేమలతా లవణం, లవణం దంపతులు అదే ఊరికి వెళ్ళినప్పుడు ఎరుకల సంస్కృతి మీద కొత్త పాఠాలేవీ పట్టుకెళ్ళలేదు. కేసులు, పోలీసు నిఘా, పని దొరకకపోవడం గురించి అక్కడివారితోనే మాట్లాడారు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ ఆదిలాబాద్ అడవుల్లో ఉంది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చిచంపాక, గోండుల అసంతృప్తికి కారణాలేమిటో తెలుసుకోవాలని హైదరాబాద్ ప్రభుత్వానికి తోచింది. మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ ఆ పనికి దొరికాడు. (జర్మన్ పాస్‌పోర్టు చేతిలో ఉండటంతో యుద్ధకాలంలో ఆయన నిజాం రాజ్యం దాటి వెళ్ళే వీలు లేకపోయింది. ఆదిలాబాద్ గోండులకు హిట్లర్ వల్ల కలిగిన మేలు ఇదొక్కటే.) ఆయన మార్లవాయి గూడెంలో ఉండి గోండి నేర్చుకున్నాడు. అయితే ఒక పరదేశి గోండి మాట్లాడటం ఇందులో అసలు విశేషం కాదు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచి గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేశారు. గోండిలో వాచకాలు రాయించారు. సేతుమాధవరావు పగ్డీ వంటి అధికారులు గోండి నేర్చుకుని వ్యాకరణం కూడా రాశారు. అదే సమయంలో గోండుల పేర భూమి పట్టాలు ఇచ్చారు. 1946లో గిరిజన ప్రాంతాల నిబంధన తెచ్చి పంచాయతీలకు గుర్తింపు ఇచ్చారు. బడి, భాష, ఉద్యోగం, భూమి ఒకేసారి కదిలాయి. ఏ ఒక్కటి విడిగా చేసినా ఇంత ఫలితం వచ్చేది కాదు. పట్టా లేని గోండుకు సొంత భాషలో వాచకం ఒక ముచ్చటగా మాత్రమే మిగిలేది.

ఈ మాట ఊహ కాదనడానికి తర్వాతి కథే రుజువు. 1970ల చివర హైమెండార్ఫ్ తిరిగి వచ్చి చూసినదాన్ని 1982 నాటి తన పుస్తకంలో నమోదు చేశాడు. బయటినుంచి వచ్చిన వలసదారుల చేతుల్లోకి భూములు పోయాయి, గోండి చదువు అటకెక్కింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆనాటికి గిరిజన సంస్కృతి మీద పరిశోధనకు హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థ ఉంది, శిక్షణ తరగతులూ ఉన్నాయి. మార్లవాయి నాటి ఏర్పాటు మాత్రం లేదు. ఆ ఏర్పాటులోని ముక్కలు తర్వాత విడివిడిగా తిరిగొచ్చాయి. 2000లో జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2004లో గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోను కొట్టేసింది.

కోర్టు తీర్పు పక్కనపెట్టినా, సొంతవారినే నియమించడం మీద గట్టి అభ్యంతరం ఒకటుంది. ఊరివాళ్ళయినంత మాత్రాన పక్షపాతం పోతుందా? అంగన్‌వాడీ టీచరు ఆ ఊరి మనిషే. అయినా దళితవాడ పిల్లలు మరో వాడలోని కేంద్రానికి రావడానికి జంకిన సందర్భాలు, దళిత మహిళ వండితే ఇతరులు తినని సందర్భాలు అందరికీ తెలిసినవే. ఈ అభ్యంతరం న్యాయమైనదే. నిజానికి అది పైన చెప్పినదాన్నే బలపరుస్తుంది. ఎవరిని నియమించారన్నది ఒక షరతు మాత్రమే. కేంద్రం ఏ వాడలో పెట్టారు, ఫిర్యాదు వస్తే ఎవరు వింటారు, విననివారికి ఏమవుతుంది అన్నవి కూడా సంస్థ నిర్ణయాలే.

ఇంతకంటే లోతైన అభ్యంతరం సంస్కృతికి గౌరవం పేరిట దురాచారాన్ని మోయమంటారా అన్నది. ఆడపిల్లలను దేవత పేర అంకితం చేసే జోగిని వ్యవస్థ దీనికి పరీక్ష. 1988లో ఆంధ్రప్రదేశ్ దాన్ని చట్టంతో నిషేధించింది. నిజామాబాద్ జిల్లా వర్ని ప్రాంతంలో హేమలతా లవణం చేసిన పని జోగినులను నేరస్థులుగానో, ఆచారానికి ప్రతినిధులుగానో చూడలేదు. వారికి నివాసం, చదువు, జీవనోపాధి, పెళ్ళి చేసుకునే హక్కు చూపింది. ఆచారం ఎవరి లాభానికి నడుస్తోంది, ఎవరి ఒంటి మీద నడుస్తోంది అని విడదీసి చూసినవారికి గౌరవానికీ చట్టానికీ పేచీ కనిపించదు. అలా విడదీయలేకపోతే ఎంత హాని జరుగుతుందో 1999, 2001లలో బయటపడిన దత్తత కుంభకోణాలు చెబుతాయి. దేవరకొండ వైపు తండాల నుంచి లంబాడా ఆడశిశువులు హైదరాబాద్‌లోని దత్తత సంస్థలకు చేరి, అక్కడినుంచి విదేశాలకు వెళ్ళారు. ఆడపిల్లను వదులుకోవడం లంబాడాల ఆచారమేనన్న సమాధానం అప్పట్లో సులువుగా వినిపించింది. గీతా రామస్వామి, భంగ్యా భుక్యా చేసిన అధ్యయనం ఆ సమాధానాన్ని తలకిందులు చేసింది. లంబాడాల్లో పూర్వం ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవారు. వరకట్నం తర్వాత వచ్చి చేరినది. కరవు, అప్పు, కొత్తగా పట్టిన కట్నం, పిల్లకు ఖరీదు కట్టే సంస్థలు కలిసి చేసిన పనిని ఆచారం ఖాతాలో వేశారు. అమెరికా ఆదివాసీల పిల్లల కథకు ఇది దగ్గరి చుట్టం. మనకు మాత్రం 1978 నాటి ఆ చట్టం వంటిది లేదు.

మిగిలిన అభ్యంతరం నగరానిది. గూడెంలో సరే, ఇరవై రాష్ట్రాల జనం కలిసిన చోట ఎంతమంది సంస్కృతులని నేర్చుకుంటారు? హైదరాబాద్ తూర్పు అంచున మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని చెంగిచెర్ల ఈ ప్రశ్నకు తగిన చోటు. జాతీయ మాంస పరిశోధన సంస్థ, నగరపాలక సంస్థ ఆధునిక కబేళా, ఆర్టీసీ డిపో అన్నీ ఇక్కడే ఉన్నాయి. మాంసం వ్యాపారంలోని ఆరెకటికలు, ఖురేషీలు, పాత ఊరివారు, కొత్త కాలనీల ఉద్యోగులు, పక్కనే ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పనిచేసే ఉత్తరాది, ఒడిశా కూలీలు ఒకే ఆరోగ్య కేంద్రానికీ, ఒకే అంగన్‌వాడీకీ వచ్చే ప్రాంతమిది. ఎవరూ ఇన్ని భాషలు నేర్వలేరు, నేర్వనక్కర్లేదు కూడా. 1998లో మెలనీ టెర్వలోన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు వైద్యులు సామర్థ్యం బదులు సాంస్కృతిక వినయం అన్న భావనను ముందుకు తెచ్చింది ఇందుకే. తెలియదని ఒప్పుకుని అడగటం, అడిగినదానికి సంస్థను జవాబుదారీ చేయటం అందులో ప్రధానం. ఇది నగరంలో సాధ్యమేనని హైదరాబాద్‌లోనే తేలింది. 1967లో పాతబస్తీలో మొదలైన పట్టణ సమాజాభివృద్ధి పథకంలో బస్తీ కార్యకర్తలు ముందు స్థానిక కమిటీలతో కూర్చుని, వారు కోరినదాన్నే చేపట్టారు. కుట్టు శిక్షణ, బాల్వాడీలు అలా వచ్చాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుకబట్టీల దగ్గర ఒడిశా కూలీల పిల్లలకు ఒడియా పాఠ్యపుస్తకాలతో, ఒడియా వచ్చిన ఉపాధ్యాయులతో పని స్థలంలోనే బడులు నడిపారు. తెలుగు టీచర్లకు ఒడిశా సంస్కృతి మీద తరగతులు పెట్టి ఉంటే ఆ పిల్లలకు ఒక్క అక్షరం వచ్చేది కాదు.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కూడా చెంగిచెర్లకు కూతవేటు దూరంలోనే ఉంది. అంగన్‌వాడీ పిల్లల బాలామృతం నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ కర్మాగారంలో తయారవుతుంది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన రెండున్నర కిలోల పొట్లం ఉట్నూరు గూడేనికీ, పాతబస్తీకీ, కబేళా కార్మికుల ఇంటికీ ఒక్కటే. లక్షల మందికి పంచే వస్తువులో ఒకే తయారీ ఉండటం తప్పనిసరి అనేవారి మాటలో నిజం లేకపోలేదు. కానీ ఐటీడీఏల పరిధిలో ఇక్రిశాట్‌తో కలిసి చిరుధాన్యాలతో గిరిపోషణ పథకం నడిపినప్పుడు, తిండి విషయంలోనూ సంస్థ తన పద్ధతి మార్చుకోగలదని తేలింది. కార్యకర్తకు గోండుల ఆహారపుటలవాట్ల మీద ఎన్ని రోజులు శిక్షణ ఇచ్చినా పొట్లంలో ఏముండాలో ఆమె నిర్ణయించలేదు. ఆ నిర్ణయాధికారం ఉన్నవారు శిక్షణ తరగతులకు రారు.