కోటలోపలి వరిపొలాలు

ఊరి చివరి నేలను మనం పొలిమేర అంటాం, శివారు అంటాం. పొలిమేరకు ఒక దేవత ఉండేది, ఒక మర్యాద ఉండేది. నేటి నగరాల్లో శివారుకు మిగిలిన అర్థం ఒకటే: ఇంకా ప్లాట్లు పడని నేల. అక్కడ పంట పండుతున్నా దాన్ని రేపటి కాలనీగానే లెక్కగడతారు. నగరం పెరగడమంటే ఇంతేనా అన్న ప్రశ్నకు మనకు బాగా తెలిసిన విజయనగరమే ఒక సమాధానం చెబుతుంది.

రెండవ దేవరాయల కాలంలో, 1443లో, తైమూరు వంశీయుడైన షారుఖ్ పంపగా అబ్దుర్ రజాక్ అనే రాయబారి విజయనగరానికి వచ్చాడు. ఆ నగరానికి ఒకదానిలో ఒకటిగా ఏడు ప్రాకారాలున్నాయనీ, వెలుపలి మూడింటి మధ్య పొలాలూ, తోటలూ, ఇళ్ళూ ఉన్నాయనీ, మూడవ ప్రాకారం దాటాకే అంగళ్ళూ జనసమ్మర్దమూ మొదలయ్యాయనీ రాశాడు. సుమారు 1520లో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా మొదటి ప్రాకారానికీ నగరానికీ మధ్య వరిపొలాలనూ, తోటలనూ, వాటికి నీరిచ్చే రెండు చెరువులనూ పేర్కొన్నాడు. అంటే ఆ నగరానికి శివారు గోడ బయట లేదు, గోడ లోపల ఉంది.

ఇందులో ప్రకృతిప్రేమ వెదకనక్కరలేదు. ముట్టడి జరిగితే లోపలివారికి తిండి కావాలి. పైగా అది వానలు తక్కువైన రాతినేల. తుంగభద్రపై ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వి, నీటిని గుట్టల మధ్యకు మళ్ళించారు. తుర్తు ఆనకట్ట నుంచి బయల్దేరిన హిరియ కాలువ, నదీతీరపు ఆలయాలకూ రాజప్రాసాదాలున్న భాగానికీ నడుమనున్న లోయను మాగాణి చేసింది. నగరం నడిబొడ్డునే పచ్చని పట్టీ ఒకటి అలా నిలిచింది.

ఆ నేల పంటభూమిగానే నిలవడానికి గోడ ఒక్కటే చాలలేదు. శ్రీకృష్ణదేవరాయలు నేటి హోసపేట ప్రాంతంలో కట్టించిన పెద్ద చెరువు గురించి నూనిజ్ ఒక ముఖ్యమైన సంగతి రాశాడు. ఆ నీటికింద సాగుచేసుకునేవారికి, భూమిని బాగుచేసుకునేదాకా, తొమ్మిదేళ్ళపాటు పన్ను లేకుండా భూములిచ్చారట. తరువాత ఆ ఆదాయం 20,000 పర్దావులకు చేరిందట. సేద్యం రైతుకు గిట్టుబాటైంది కాబట్టే పొలం పొలంగా మిగిలింది. చెరువులు కట్టి మరమ్మతులు చూసేవారికి దశబంధ మాన్యాలివ్వడం కూడా ఇటువంటి ఏర్పాటే.

వారికి కొలత కూడా తెలుసు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు కట్టించి వేయించిన 1369 నాటి శాసనం, మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ ఆరు దోషాలనూ చెబుతుంది. నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం ఒక దోషం. భూమి తక్కువై నీరు ఎక్కువ కావడమూ దోషమే. ఎంత నీటికి ఎంత నేల అన్న ప్రశ్న వేసుకున్నాకే పలుగు పట్టారన్నమాట.

ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడవలసిన పని లేదు. రాయల చెరువు పనిలో పదిహేను ఇరవైవేల మంది చీమల్లా కదలడం చూశానన్న పేస్, కట్ట పలుమార్లు తెగితే మనుషులను బలి ఇచ్చారనీ రాశాడు. మనం తీసుకోవలసింది ఆ పద్ధతిని కాదు, ఆ లెక్కను.

1565 యుద్ధం తరువాత రాజధాని పాడుబడింది. అంగళ్ళు పోయాయి, ప్రాసాదాలు కూలాయి. కానీ నాటి కాలువల్లో కొన్ని నేటికీ పారుతున్నాయి, శిథిలాల మధ్య వరి, అరటి, చెరకు పండుతున్నాయి. నగరం చచ్చిపోయింది, దాని శివారు బతికింది.

మన హైదరాబాదులో జరుగుతున్నది దీనికి తలకిందులు. 1591లో నగరం పుట్టేనాటికే హుస్సేన్‌సాగర్ ఉంది. ఊరి బయటి ఆ చెరువు ఇప్పుడు ఊరి మధ్యన ఉంది. ఇక్కడా ఒక ప్రాకారం వెలిసింది, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి. అయితే విజయనగరపు ప్రాకారం లోపలి పొలాన్ని కాపాడితే, ఈ వలయం లోపలి పొలానికి ధర కట్టింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడిచేస్తూ 1996లో 111వ జీవో వచ్చింది. ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022లో 69వ జీవో వచ్చింది. ఆ నడుమ, 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. దారిలో ఇళ్ళు లేస్తే నీరు ఇళ్ళలోకే వస్తుంది.

శివారు రైతును భూమి అమ్ముకోవద్దని శాసిస్తే చాలదు. ధర పెరిగిన పొరుగువాణ్ణి చూస్తూ అతడొక్కడే నష్టపోవాలనడం న్యాయం కాదు. రాయలనాటి తొమ్మిదేళ్ళ మినహాయింపు చెప్పే నీతి అదే: పొలం వల్ల నగరానికి మేలుంటే, ఆ మేలుకు నగరమే వెల చెల్లించాలి. కూరగాయలు పండించినందుకు, చెరువును చెరువుగా ఉంచినందుకు, వాననీటిని ఇంకనిచ్చినందుకు శివారు గ్రామాలకు మనం ఇప్పుడు ఇస్తున్నదేమిటి? నగర ప్రణాళికల్లో ఈ పద్దు చేరేదాకా, పటం మీద ఎన్ని ఆకుపచ్చ రంగులు పూసినా అవి నిలవవు.