పూడ్చిన సరస్సు బాకీ

భూకంపం అనగానే మనం అడిగే ప్రశ్నలు రెండే: రిక్టర్ స్కేలు మీద ఎంత, ఎంత దూరంలో? కాళ్ళ కింద ఉన్నది రాయా, మట్టా అన్న మూడో ప్రశ్న ఎవరికీ తట్టదు. అది ఎంత ముఖ్యమో తెలియాలంటే మెక్సికో నగరం చరిత్ర చూడాలి.

1985 సెప్టెంబరు 19 ఉదయం పసిఫిక్ తీరంలో 8.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. రాజధాని అక్కడికి 350 కిలోమీటర్ల పైనే. అంత దూరం వచ్చేసరికి అలలు నీరసించాలి కదా? గట్టి నేల మీదున్న యూనివర్సిటీ దగ్గర అలాగే నీరసించాయి. పాత సరస్సు ఉన్నవైపు మాత్రం నేల దానికి దాదాపు 5 రెట్లు బలంగా ఊగింది. వేలమంది చనిపోయారు.

ఇంతకీ ఆ సరస్సు కథేమిటి? అజ్టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్ టెష్కోకో సరస్సులో ఒక ద్వీపం. 1521లో స్పెయిన్ వాళ్ళు దాన్ని గెలిచి, అక్కడే కొత్త నగరం కట్టారు. వరదలు భరించలేక తర్వాతి శతాబ్దాల్లో సరస్సుని ఎండగట్టారు. నీళ్ళు పోయాయి, బంకమట్టి మిగిలింది. గిన్నెలో జున్ను అనుకోండి. గిన్నెని తడితే, గిన్నె ఆగినా జున్ను ఊగుతూనే ఉంటుంది.

ఆ మట్టి చాలాచోట్ల సుమారు 2 సెకన్లకోసారి ఊగింది. 6 నుంచి 15 అంతస్తుల భవనాల ఊపు దానితో కలిసింది. ఉయ్యాలని సరిగ్గా సమయానికి తోస్తున్నట్టన్నమాట! చిన్న ఇళ్ళు చాలామటుకు బతికాయి. 1956లో పూర్తయిన 44 అంతస్తుల టోర్రె లాటినోఅమెరికానా కూడా నిలబడింది. మధ్యవాళ్ళే బలయ్యారు.

లెగసీ కోడ్‌తో వేగినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఎప్పుడో ఎవరో తీసుకున్న డిజైన్ నిర్ణయం నాలుగొందల ఏళ్ళకి ప్రొడక్షన్‌లో పేలింది. తర్వాత నిబంధనలు బిగించారు. కానీ పాత భవనాలు అలాగే ఉండిపోయాయి. 2017లో, మళ్ళీ సెప్టెంబరు 19నే, 7.1 తీవ్రతతో ఇంకా దగ్గర్లో వచ్చినప్పుడు కూలినవాటిలో ఎక్కువ అవే. ఒక్క నగరంలోనే 228 మంది పోయారు.

మనకీ ఇలాంటిది అనుభవమే. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూమి కంపిస్తే, 200 కిలోమీటర్లకి పైగా దూరంలోని అహ్మదాబాదులో అపార్టుమెంట్లు కూలాయి. నాసిరకం కట్టడానికి సబర్మతి మేటవేసిన మట్టి తోడయ్యింది.

ఫ్లాటు కొనేముందు వాస్తు చూసుకోండి, నేను కాదనను. అదే చేత్తో బిల్డర్ని సాయిల్ టెస్ట్ రిపోర్టు కూడా అడగండి. ఈశాన్యం గురించి గంటసేపు మాట్లాడే మనం, కింద ఏముందో ఒక్క నిమిషం అడగలేమా?