మౌజర్ పిస్తోలుకు ముందు నీళ్లు, తర్వాతే నూనె

1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీ ఆయుధాల పెట్టెలు ఏడు ఎడ్లబండ్ల మీద బయల్దేరాయి. గోడౌనుకు చేరినవి ఆరే. ఏడో బండిని విప్లవకారులు మాయం చేశారు. అందులో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు. మరుసటేడు సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర బాఘా జతీన్ పోలీసులతో పోరాడింది ఆ పిస్తోళ్లతోనే. మర్నాడే ఆయన ప్రాణం విడిచాడు.

జర్మనీలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో 1896లో వచ్చిన రకం ఇది. పిడి చెక్కల్ని బిగించే స్క్రూ ఒక్కటి తప్ప లోపల స్క్రూలే లేవు. ముక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి దూరి నిలబడతాయి. సిపాయి పనిముట్లు లేకుండానే విప్పుకోవచ్చు. తూటాలన్నీ తీసి, లోపల ఖాళీ అని కళ్లారా చూసుకున్నాకే విప్పాలి.

అసలు విప్పి కడగడం దేనికంటారా? అప్పటి తూటా క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది ఒకరకం ఉప్పుగా మారి గొట్టంలో మిగిలేది. ఉప్పు తేమను పీలుస్తుంది, తుప్పు మొదలవుతుంది. నూనెలో ఉప్పు కరగదు. పైన నూనె మెరుస్తుంటే కింద ఇనుము తినేస్తుంటుంది. అందుకే సిపాయిలు ముందు వేడినీళ్లు పోసి, పొడిగుడ్డతో తుడిచి, ఆరాక నూనె రాసేవాళ్లు.

ఎరువు వేసిన గొర్రును కడగకుండా గ్రీజు పూస్తే ఏమవుతుందో మనకు తెలిసిందే కదా. పాత తుపాకీ గొట్టంలో గుంటలు కనబడితే అవి చాలాసార్లు యుద్ధం చేసిన గాయాలు కావు, కడగని రోజుల గుర్తులు.