ఫతే మైదానం: క్రికెట్ ఉప్పల్‌కు పోయినా

ఆలేరు నుంచి రోడ్డు మీద హైదరాబాద్ పోతే భువనగిరి, ఘట్‌కేసర్ దాటాక తగిలేది ఉప్పల్. 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్ అక్కడే గనుక మన పిల్లలకు స్టేడియం అంటే ఉప్పలే. రైలెక్కి నాంపల్లిలో దిగిన తరానికి మాత్రం స్టేడియం బషీర్‌బాగ్‌లో ఉండేది. నిజాం కాలేజీ పక్కనున్న ఆ లాల్ బహదూర్ స్టేడియాన్ని పెద్దవాళ్లు ఇప్పటికీ ఫతే మైదానమనే పిలుస్తారు. మన ఊరి ఉత్సవ సంచికలో దానికి చోటుండాలని నా పట్టు. జిల్లాల నుంచి వెళ్లి టెస్టు మ్యాచ్ చూడాలంటే దశాబ్దాల పాటు మనకున్నది అదొక్కటే.

1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం ఇక్కడ విడిది చేసిందని, ఆ గెలుపుతోనే ఈ పేరు వచ్చిందని చెప్తారు. నిజాముల కాలంలో పోలో ఆడేవారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు 1967లో పెట్టారు.

ఇక్కడ జరిగిన టెస్టులు మూడే, మూడూ న్యూజిలాండ్‌తోనే. 1955 నవంబరులో మొదటిది. మన హైదరాబాదీ గులాం అహ్మద్ సొంత గడ్డ మీద భారత జట్టుకు కెప్టెన్. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడి తొలి డబుల్ సెంచరీ అది. కృపాల్ సింగ్ తన మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టాడు, సుభాష్ గుప్తే ఏడు వికెట్లు తీశాడు. అయినా మ్యాచ్ డ్రా. 1969లో మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 89కే కుప్పకూలారు, రెండోసారి 76కు ఏడు వికెట్లు పోయాయి. వాన రాకుంటే ఓటమే. 1988లో అజారుద్దీన్, అర్షద్ అయూబ్ ఉన్న జట్టు పది వికెట్లతో గెలిచి ఆ బాకీ తీర్చుకుంది.

నా లెక్కలో ఈ మైదానం ఘనత వన్డేల్లో ఇంకా ఎక్కువ. 1987 మార్చిలో పాకిస్తాన్‌తో మ్యాచ్: ఇద్దరివీ 212 పరుగులే. చివరి బంతికి రెండో పరుగు తీయబోయి అబ్దుల్ ఖాదిర్ రనౌటయ్యాడు. మనవి ఆరు వికెట్లు, వాళ్లవి ఏడు పడ్డాయి గనుక గెలుపు మనదైంది. 1999 నవంబరు 8న సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153. ఇద్దరూ కలిసి జోడించిన 331 పరుగులు 2015 దాకా ప్రపంచ రికార్డు. 2003లో ఇక్కడ చివరి వన్డే ఆడారు.

అంతర్జాతీయ క్రికెట్ పోయినంత మాత్రాన మైదానం మూగబోలేదు. 1983లో ఎన్టీఆర్, 2023లో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసింది ఇక్కడే. జనం ఇక్కడికి రావడం మంచిదే. అయితే సభ ముగిసిన మర్నాటికి పచ్చిక మళ్లీ ఆటగాళ్లకు దక్కాలి. పొద్దున్నే బూట్లు చేతబట్టుకొని వచ్చే పిల్లలకు వేదికలు, కుర్చీలు అడ్డం కాకూడదు.

ఉప్పల్‌లో మ్యాచ్ చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్లే మన ఊరి పీఈటీ సార్లకు ఒక మనవి. అదే రోజు ఇంకాస్త ముందుకు పోయి బషీర్‌బాగ్ కూడా చూపించండి. పెవిలియన్ ముందు నిలబెట్టి, ఉమ్రిగర్ 223తో మొదలుపెట్టి చెప్పండి.