రెండంగుళాల తేడా

మా అత్తమ్మ మెట్ల మీద పడిన రోజున ఇంటిల్లిపాదీ అన్న మాట ఒక్కటే: "చూసుకుని నడవద్దూ!"

ఈ మాట మీ ఇంట్లోనూ వినిపించే వుంటుంది. పిల్లాడు పడినా అదే మాట, పెద్దవాళ్ళు పడినా అదే మాట. తప్పెప్పుడూ పడినవాళ్ళదే. మెట్టు మాత్రం నిర్దోషి!

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద రోడ్డుకి కాస్త లోపలగా వున్న కాలనీలో పాత ఇల్లు. 1988లో మా మామగారు కట్టించారు. వాకిట్లోంచి డాబా మీదికి పంతొమ్మిది మెట్లు. తొమ్మిది ఎక్కాక ఒక మలుపు, అక్కడినుంచి పది. మొన్న వేసవిలో చల్ల మిరపకాయలు ఎండబెడదామని తాంబాళం పట్టుకుని ఎక్కుతూ, సరిగ్గా ఆఖరి మెట్టు దగ్గర ఆవిడ బోర్లా పడింది. మిరపకాయలు మాత్రం మెట్లన్నీ క్షేమంగా దిగి వాకిట్లోకి వచ్చాయి. ఆవిడ కుడిచేతి మణికట్టు ఎముక బీట వేసింది. ఆరు వారాలు కట్టు.

"నాదే పరాకు, బిడ్డా" అంది ఆవిడ, అంత నొప్పిలోనూ.

నవలలు రాసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఏదైనా జరిగితే, జరిగిన చోటికి మళ్ళీ వెళ్ళి చూడకపోతే నిద్ర పట్టదు. మర్నాడు కుట్టు మిషను సొరుగులోంచి జాకెట్లు కొలిచే టేపు తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. బి.ఏ. చదివినదాన్ని. లెక్కలకి పదో తరగతిలోనే దణ్ణం పెట్టినదాన్ని. అయినా మలుపు నుంచి పైకి ఒక్కొక్క మెట్టూ కొలిచాను. ఆరున్నర అంగుళాలు. ఆరున్నర. మళ్ళీ ఆరున్నర. తొమ్మిది మెట్లూ అంతే. పదోది ఎనిమిదిన్నర!

ఈ రెండంగుళాలు ఎక్కడినుంచి వచ్చాయని మావారిని అడిగితే, కాసేపు తల గోక్కుని, "స్లాబు కారుతోందని నాన్న డాబా మీద గచ్చు పోయించారు గదా, తొంభై ఆరులో!" అన్నారు. అదీ సంగతి. డాబా నేల రెండంగుళాలు లేచింది. మెట్లు వున్నచోటే వున్నాయి. ఆ రెండంగుళాల భారమంతా పై మెట్టు మీద పడింది. ఇందులో మేస్త్రిని తిట్టడానికేమీ లేదు. కారడం ఆపమన్నారు, ఆపాడు. ఆ డాబా మీదికి ఎవరు, ఏం పట్టుకుని ఎక్కుతారన్నది ఎవరికీ తట్టలేదు, అంతే.

టేపు చుట్టుకుంటూ అత్తమ్మ దగ్గరికెళ్ళి నేను కనిపెట్టిన రహస్యం చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నీకిప్పుడు ఎరుకైందా? గచ్చు పోసిన్నాటి సంది ఆడ కాలు జెర ఎక్కువ ఎత్తుతనే వున్న. ఆ దినం యాది మరిచిన" అంది.

"మరి ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా చెప్పలేదేం అత్తమ్మా మీరు?"

"మెట్టు మీద గూడ ఫిర్యాదు చేస్తరా, బిడ్డా?"

నాకు నోట మాట రాలేదు. పాతికేళ్ళకు పైగా, ఎండలో, వానచినుకుల్లో, చేతిలో బరువుతో, ఒక మనిషి కాలు ఒక మెట్టు తప్పుని రోజూ దిద్దుతూ వచ్చింది. ఒక్కరోజు దిద్దడం మరిచిపోతే, తప్పు నాదే అంది!

ఆ ఆరు వారాలూ అత్తమ్మ కట్టు కట్టుకుని కూర్చుంటే, నేను టేపు పట్టుకుని తిరిగాను. దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, మెట్టు సంగతి మూడు వందల ఏళ్ళ కిందటే పెద్దపెద్దవాళ్ళు పట్టించుకున్నారు. ఫ్రాన్సులో ఫ్రాంస్వా బ్లాండెల్ అనే వాస్తుశిల్పి 1675లో మొదలుపెట్టి అచ్చువేసిన పాఠాల్లో ఒక సూత్రం చెప్పాడు. మెట్టు ఎత్తుని రెండింతలు చేసి, దానికి పాదం మోపే వెడల్పు కలిపితే, ఆనాటి ఫ్రెంచి అంగుళాల్లో 24 రావాలట. మన లెక్కలో దాదాపు 65 సెంటీమీటర్లు. ఎందుకా 24? మనిషి నేల మీద మామూలుగా వేసే ఒక అడుగు దూరం అది. పైకి ఎత్తే శ్రమ ముందుకు వేసే శ్రమకు రెండింతలని ఆయన లెక్క. అంటే ఆయన మెట్టుని కొలవలేదండీ, మనిషి నడకని కొలిచాడు! మన దేశంలోనూ 1970 నుంచి జాతీయ భవన నిర్మాణ నియమావళి వుంది. ఇళ్ళలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు దాటకూడదు, పాదం మోపే వెడల్పు 25కి తగ్గకూడదు అంటుంది. ఏడున్నర అంగుళాలు, పది అంగుళాలు అనుకోండి. మా ఆఖరి మెట్టు ఆ నియమం కూడా దాటేసింది.

ఎత్తు కంటే ప్రమాదం తేడా. మొదటి రెండు మెట్లు ఎక్కేసరికి కాలు లెక్క కట్టేసుకుంటుంది. ఇక కళ్ళతో పనిలేదు. మనం పాల లెక్క ఆలోచిస్తూ ఎక్కేస్తాం. మధ్యలో ఒక మెట్టు మాట తప్పితే బొటనవేలు తగులుతుంది. న్యూయార్కు నగరంలో బ్రూక్లిన్‌లోని ఒక భూగర్భ రైలు స్టేషన్‌లో ఇదే జరిగేదట. ఒక మెట్టు మిగతావాటికంటే కొద్దిగా ఎత్తు. 2012లో ఒకాయన అక్కడ కెమేరా పెట్టి, వచ్చినవాళ్ళు వచ్చినట్టు అదే మెట్టు దగ్గర తూలడం చూపించాడు. సూట్లవాళ్ళు, పిల్లనెత్తుకున్నవాళ్ళు, అందరూ! తూలిన ప్రతివాళ్ళూ తమ పరాకే అనుకుని వెళ్ళిపోయి వుంటారు. అందర్నీ ఒకచోట చూశాక గాని మెట్టు దోషం బయటపడలేదు. తర్వాత ఆ మెట్టుని బాగుచేశారు.

మన పాతకాలపు వాళ్ళకి ఈ కొలతలు తెలియవనుకోకండి. మా అమ్మమ్మగారింటి అరుగు గుర్తుచేసుకోండంటే మీకెలా తెలుస్తుంది గాని, మీ అమ్మమ్మగారింటిది గుర్తుచేసుకోండి. నీళ్ళబిందెతో వచ్చినావిడ వంగకుండా బిందె దించేంత ఎత్తు. ముసలివాళ్ళు మోకాళ్ళ మీద చెయ్యి వేయకుండా కూర్చుని లేచేంత ఎత్తు. గడప మాత్రం పురుగూ పుట్రా, వాన నీళ్ళూ లోపలికి రాకుండా ఎత్తుగా వుండేది. కాలు తగిలితే తగలనీ, తేళ్ళు రాకపోతే చాలునన్నది ఆనాటి న్యాయం. ఏ కొలత వెనకాలైనా ఎవరి సుఖమో, ఎవరి భయమో వుంటుంది. 1591లో కట్టిన చార్మినార్‌లో 149 మెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. పిల్లలతో ఎక్కినప్పుడు గమనించండి. లోపలి అంచున ఇరుకు, బయటి అంచున వెడల్పు. చిన్నపాదం, పెద్దపాదం దేని దారి అది వెతుక్కుంటుంది. కాని మోకాళ్ళ నొప్పుల వాళ్ళ కోసం కట్టింది కాదని పాతిక మెట్లకే తెలిసిపోతుంది.

మెట్టు ఇంట్లోనే వుంటుందా? బండి ఎక్కడమూ మెట్టే గదా! ఇటలీలో 1946లో వెస్పా స్కూటరు తయారుచేసిన కొరాడీనో దాస్కానియో విమానాలు, హెలికాప్టర్ల ఇంజనీరు. ఆయనకి మోటారు సైకిలంటే పడదు. బట్టలకి నూనె మరకలు, కాలు గాల్లోకి విసిరి ఎక్కడం నచ్చలేదు. అందుకే ఇంజనుకి రేకు కప్పి, ముందు భాగమంతా ఖాళీగా వుంచి, కాలు ఎత్తకుండా లోపలికి నడిచివెళ్ళి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే బండి గీశాడు. ఆ ఖాళీయే మనకి వరమయింది. కాని కిక్కు కొట్టడం, గేర్లు మార్చడం వున్నన్నాళ్ళూ మన దగ్గర స్కూటరు మగవాళ్ళదే. మనం వెనక సీటు వాళ్ళమే. 1984లో మీట నొక్కితే స్టార్టయ్యే, గేర్లు లేని కైనెటిక్ హోండా వచ్చాక ఎందరో ఆడవాళ్ళు వెనక సీటు నుంచి ముందు సీటుకి మారారు. వెనక కూర్చునేవాళ్ళ చీర సంగతి కూడా ప్రభుత్వం ఆలోచించింది సుమండీ! 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చూడండి. వెనకవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే ఏర్పాటు, పట్టుకోడానికి పిడి, కాళ్ళు పెట్టుకోడానికి ఆధారం వుండి తీరాలి. మనం "చీర గార్డు" అనేసే ఆ తీగల వల వెనక ఎన్ని పమిట చెంగుల కథలున్నాయో!

కార్ల సంగతీ అంతే. 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌ని అందరూ బండకారు అని నవ్వేవాళ్ళు. మా అత్తమ్మ మాత్రం, "పీట మీద కూసున్నట్టు వుంటది" అనేది. తలుపు ఎత్తు, సీటు ఎత్తు. తర్వాత నేలకి దగ్గరగా వుండే చిన్నకార్లు వచ్చాయి. వాటిలో కూలబడడం తేలికే, లేవడానికి మాత్రం ఇద్దరు కావాలి. 1998లో శాంత్రో, 1999లో వేగన్ ఆర్ వచ్చాక మళ్ళీ కప్పు లేచింది, సీటూ లేచింది. సీటు మన నడుము ఎత్తులో వుంటే, ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు. పక్కకి జరిగితే చాలు. అందం చూసి కారు కొనేది మావారు. మోకాళ్ళతో కొనేది అత్తమ్మ!

కట్టు విప్పిన వారానికి, ఎల్.బి. నగర్‌లో వున్న మా ఆడబిడ్డ ఇంటికి ఆవిడని మెట్రోలో తీసుకెళ్ళాను. అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ దాకా 16 కిలోమీటర్ల దారి 2018 సెప్టెంబరు 24న మొదలైంది. రైలు మా నెత్తిమీదే తిరుగుతున్నా, "అన్ని మెట్లు నేనెక్కలేను" అని ఇన్నాళ్ళూ ఆవిడ ఆటోనే నమ్ముకుంది. లిఫ్టు వుందని నచ్చజెప్పి దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో పైకి తీసుకెళ్ళాను. రైలు వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ ఎడమచేత్తో కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, కాలు జానెడెత్తు లేపి, గాల్లో ఆపేసింది.

"మెట్టేది?"

"లేదు అత్తమ్మా. నడవండి."

ప్లాట్‌ఫారమూ, పెట్టె నేలా ఒక్క మట్టం. జనం ఎక్కితే పెట్టె బరువుకి కిందికి దిగాలి గదా అనుకుంటాం. మెట్రో పెట్టెల కింద గాలి నింపిన స్ప్రింగులుంటాయి. బరువు పెరిగితే లోపలికి గాలి వెళ్ళి, నేలని మళ్ళీ పాత మట్టానికి తెస్తుంది. జనం కూర్చుంటారు, లేస్తారు, ఎవరికీ తెలియదు. మంచి ఏర్పాటు గుణమే అది. చెడ్డది మోకాలికి తెలుస్తుంది, మంచిది అసలు తెలియదు.

చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్. మూడో స్టేషన్‌లో దిగాం. నేల మీద పసుపుపచ్చ బిళ్ళలు చూసి, "ఇవేంది, కాలికి గుచ్చుకుంటున్నయి?" అంది. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన, చూపు పోతున్న ఒక స్నేహితుడి కోసం 1965లో ఆలోచించిన బిళ్ళలవి. 1967లో ఒకాయామా ఊళ్ళో అంధుల పాఠశాల దగ్గర మొదట పరిచారు. గీతలుంటే ముందుకు నడవమని, బొడిపెలుంటే ఆగమని కాలికి చెబుతాయి. ఒక స్నేహితుడి పాదం కోసం పుట్టిన బిళ్ళ ఎల్.బి. నగర్ దాకా వచ్చింది! అత్తమ్మ చెప్పు విప్పి ఒకసారి తొక్కి చూసింది. "కాలుతోని చదువుకునుడన్నమాట" అంది. బి.ఏ. చదివిన నాకు ఆ మాట తట్టలేదు.

ఇంటికొచ్చిన మర్నాడే మేస్త్రిని పిలిపించాను. ఆఖరి మెట్టుని చెక్కేస్తానన్నాడు. చెక్కితే గచ్చు పగులుతుంది. రాత్రంతా లెక్కలు వేసి పెట్టుకున్న కాగితం తీశాను. పది మెట్ల మొత్తం ఎత్తు 67 అంగుళాలు. సమానంగా పంచితే ఒక్కోటి 6.7. కింది మెట్టు మీద పావంగుళం కూడా అక్కర్లేదు. పైకి పోయే కొద్దీ కాస్త కాస్త పెంచుకుంటూ పోయి, తొమ్మిదో మెట్టుని రెండంగుళాలకి కాస్త తక్కువ లేపితే సరి. మేస్త్రి కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "అమ్మా, మీరు ఇంజనీరా?" అన్నాడు. నవలలు రాసి ఇంత గౌరవం ఎప్పుడూ పొందలేదు! బండలు ఎత్తి, కింద సిమెంటు సర్ది మూడు రోజుల్లో ముగించాడు. ఖర్చు మా ఆరు వారాల మందుల బిల్లుకంటే తక్కువే.

ఇప్పుడు పది మెట్లూ ఒక్క మాట మీద వున్నాయి. అత్తమ్మ మళ్ళీ తాంబాళం పట్టుకుని డాబా ఎక్కుతోంది. వెనకాలే నేను ఎక్కుతూ ఆవిడ పాదాలనే చూస్తుంటాను. తొమ్మిది మెట్లు చక్కగా ఎక్కుతుంది. పదో మెట్టు దగ్గర మాత్రం కాలు ఇంకా రెండంగుళాలు ఎక్కువ లేస్తుంది. గాల్లో ఒక్క క్షణం ఆగి, అందని మెట్టుని వెతుక్కుని, థప్పున దిగుతుంది.

"ఇంక అంత ఎత్తక్కర్లేదు అత్తమ్మా" అన్నాను.

"నాకెరికే బిడ్డా" అంది వెనక్కి తిరక్కుండానే. "కాలుకు ఎరుక కావాలె గద."