బలిసిన యెముకలు

వాపు సామాన్యముగా కంటికగపడు రోగము. కాలు వాచినను, బుగ్గ వాచినను చూచినవాడు జాలిపడి ఒక చిట్కా చెప్పక మానడు. నల్లగొండ జిల్లాలోని మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో కాపురమున్నది అట్టి వాపు కాదు. అది మాంసము నంటక, ఎముకనే లోలోపల బలియజేసి, వెన్నుపూసల నొకదానితో నొకటి అతికించి, స్నాయువులను సైతము అస్థిగా మార్చి, మెడ త్రిప్పనీయక, కడకు వెన్నుపామును నొక్కి కాళ్లను చచ్చుపడజేయును. దాని తొలి సూచన పిల్లల నోటనే కానవచ్చుచుండెను. కాని గారపండ్లను రోగముగా నెంచినవా రెవరు?

మూలము నేలలో నున్నది. పాలమూరు, నల్లగొండ మెట్టల క్రింది గ్రానైటు శిలల పగుళ్లలో చిరకాలము నిలిచిన నీరు అందలి ఫ్లోరైడును కరగించుకొనును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఇచ్చటి బావులు పెక్కింటికి ఆ హద్దు తెలియదు. తరువాత వచ్చిన బోరుబావులు దాహముతోపాటు ఈ పీడను గూడ లోతునుండి తోడిపోసినవి.

నెల్లూరు జిల్లాలో షార్ట్ ప్రభృతులు ఈ వ్యాధిని 1937లోనే వర్ణించిరి. నల్లగొండ వంతు వచ్చుటకు 18 ఏండ్లు పట్టినది: 1955 డిసెంబరులో సిద్దిఖీ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ జిల్లా రోగులను గూర్చి వ్రాసెను. ఆ నెల 10వ తేదీననే నందికొండ కడ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. ఆ రెండు వార్తలను ప్రక్కప్రక్కన నుంచి చదివినవా డొక్కడున్నను బాగుండెడిది. ఏలయన, సాగరజలము పల్లమునకు పారినదే కాని మర్రిగూడ మెట్ట కెక్కలేదు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు మోకాళ్లు లోపలికి ఒరగిన నల్లగొండ యువకులను పరిశీలించి, ఆ వైకల్యమును లోకమునకు తెలిపిరి.

ఆ దశకమునందే నాగపూరు నందలి నీరి సంస్థ పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని తేర్చు విధానమును రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టెను. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దేశముల దాక పోయినది. కాని ప్రతిదినము నీటి గుణమెరిగి పటిక తూచి వేయుట, అడుగున దిగిన మడ్డిని పారబోయుట నాగలి పట్టిన యింటికి కుదురు పనియా? శాస్త్రము మంచిదే, ఓపికను అది లెక్కలో వేసికొనలేదు.

నదీజలమే నిజమైన మందని ఊళ్లవారు ఏనాడో పోల్చుకొనిరి. పుట్టంగండి కడ ఎత్తిపోసిన కృష్ణ అక్కంపల్లి జలాశయము చేరినది; అచ్చటినుండి భారీ గొట్టములు పట్టుకొని 2004లో హైదరాబాదునకు నడచినది.