కాంక్రీటు కార్బనీకరణం

గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోకి ఇంకి, అందులోని కాల్షియం హైడ్రాక్సైడుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా మారడాన్ని కాంక్రీటు కార్బనీకరణం అంటారు. 1591లో నిర్మించిన చార్మినారు సున్నపు గచ్చు గట్టిపడినది కూడా ఇటువంటి చర్య వల్లనే.

తాజాగా విరిచిన ముక్కపై ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, మార్పు చెందని లోపలి భాగం గులాబీ రంగు పొందుతుంది. రంగు రాని పొర మందమే వాయువు చొరబడిన లోతు. పరిమాణం తెలియాలంటే పొడిని సుమారు 600–800 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, తగ్గిన బరువును తూస్తారు. 100 గ్రాముల కార్బొనేటు నుండి 44 గ్రాముల వాయువు వెలువడుతుంది.

కంకర సున్నపురాయిదైతే ఈ లెక్క తప్పుతుంది. సిద్దిపేట ప్రాంతపు గ్రానైటు కంకరతో ఆ చిక్కు తక్కువ. ప్రాచీనమైన సున్నపురాతిలో కార్బన్-14 మిగిలి ఉండదు కనుక, దానిని కొలిచి గాలి నుండి వచ్చిన కార్బన్‌ను వేరుచేస్తారు.

ఇనుప చువ్వలకు మాత్రం ఈ చర్య చేటు. క్షారగుణం తగ్గి అవి తుప్పు పడతాయి.